డ్యూయల్ బూట్ సిస్టమ్‌కి హోమ్ నెట్‌వర్క్‌లో పేర్లు పెట్టుకోవడం ఎలా: రెండు పేర్లు, ఒకే ఐపీ

ఇంట్లో ఒకే వైఫై మీద డెస్క్‌టాపు, ఒకట్రెండు ల్యాప్‌టాప్‌లు, టీవీ, ప్రింటరు, అందరి ఫోన్లు ఉంటాయి, అంతవరకు ఏ ఇబ్బందీ లేదు. వాటిలో ఒక సిస్టమ్‌లో విండోస్ పక్కన లినక్స్ కూడా వేశామంటే అక్కడ మొదలవుతుంది పేర్ల గోల. విండోస్‌లో ఉన్నప్పుడు రౌటర్ లిస్టులో డెస్క్‌టాప్ అని, హైఫన్ అని, ఆ తర్వాత ఏవో 7 అక్షరాలూ అంకెలూ కలిసిన పేరు కనిపిస్తుంది, రీస్టార్ట్ చేసి ఉబుంటూలోకి (లినక్స్‌లో ఒక రకం) వెళ్తే యూజర్ పేరు, మోడల్ పేరు కలిపి ఇన్‌స్టాలర్ పెట్టేసిన ఇంకో పొడుగు పేరు వస్తుంది, ఫోన్‌లో చూస్తే రెండూ కనిపిస్తాయి, ఏది ఇప్పుడు నడుస్తోందో తెలీదు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది కదా, అప్పట్నుంచి పాత సిస్టమ్‌లో 10ని తీసేయకుండా పక్కన లినక్స్ రకాలైన మింటో ఉబుంటూనో వేసుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకి ఇది బాగా పనికొస్తుందని రాస్తున్నా.

ముందే నా మాట చెప్పేస్తా. ప్రతి ఓఎస్‌కీ (ఆపరేటింగ్ సిస్టమ్, అంటే విండోస్, లినక్స్ లాంటివి) వేరే పేరు పెట్టండి, కానీ రెండు పేర్లూ ఒకే మాటతో మొదలవ్వాలి. డబ్బాకి, అంటే ఆ సిస్టమ్‌కి, గోదావరి అని పేరు పెట్టుకుంటే విండోస్‌కి గోదావరి-డబ్ల్యూ, ఉబుంటూకి గోదావరి-యు. ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో సిస్టమ్‌కి రౌటర్ ఇచ్చే నంబరు) మాత్రం రెండిటికీ ఒక్కటే ఉండాలి, ఆ ఐపీకి ఉత్త గోదావరి అని ఇంకో పేరు తగిలించాలి. ఈ మూడూ కుదిరితే తర్వాత వచ్చే తలనొప్పుల్లో ముప్పావు వంతు రావు.

రెండూ ఒకేసారి ఆన్‌లో ఉండవు కదా, రెండిటికీ ఒకే పేరు పెట్టేస్తే పోలా అని అడుగుతారు. నెట్‌వర్క్ పరంగా గొడవేం రాదు నిజమే, ఒకే పేరుతో రెండు మెషీన్లు ఒకే టైమ్‌లో ఉంటేనే క్లాష్. కానీ ఒక డబ్బాలో రెండు ఓఎస్‌లంటే ఒకే ఇంట్లో పగలొకరు రాత్రొకరు ఉండే ఇద్దరు అద్దెవాళ్ల లెక్క, డోర్ నంబర్ ఒకటే గానీ తాళంచెవులు వేరు, సామాన్లు వేరు. డోర్ నంబర్ అంటే ఇక్కడ నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్, అది హార్డ్‌వేర్‌ది కాబట్టి మామూలుగా ఏ ఓఎస్‌లో ఉన్నా మారదు. తాళంచెవులంటే ఎస్ఎస్‌హెచ్ (ఇంకో సిస్టమ్‌లోంచి లాగిన్ అయ్యే పద్ధతి) కీలు, షేర్ చేసిన ఫోల్డర్లు, వాటి పాస్‌వర్డ్‌లు, సింకింగ్ యాప్‌ల డివైస్ ఐడీలు, ఇవన్నీ ఓఎస్ ఓఎస్‌కీ వేరు. పక్క సిస్టమ్ నుంచి మీరు కనెక్ట్ అయ్యేటప్పుడు మాట్లాడేది ఓఎస్‌తో, డబ్బాతో కాదు, అందుకే పేరు కూడా ఓఎస్‌దే అయ్యుండాలి.

పేరు ఎంచుకునేటప్పుడు

రూల్స్ చిన్నవే. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, మధ్యలో హైఫన్, ఇంతే వాడండి. అండర్‌స్కోర్ వద్దు, స్పేస్ వద్దు, చుక్క అసలే వద్దు, మొదట్లోనూ చివర్లోనూ హైఫన్ ఉండకూడదు, మొత్తం అంకెలే ఉన్న పేరు విండోస్ తీసుకోదు. పెద్దక్షరాలు చిన్నక్షరాలు అని నెట్‌వర్క్ తేడా చూడదు, అయినా అన్నీ చిన్నక్షరాల్లోనే పెట్టుకుంటే టైప్ చేయడం తేలిక.

పొడవు దగ్గర చాలామందికి దెబ్బ తగుల్తుంది. లినక్స్ హోస్ట్‌నేమ్, అంటే సిస్టమ్ పేరు, 64 అక్షరాల దాకా పోనిస్తుంది, పేరుని ఐపీగా మార్చే డీఎన్ఎస్‌లో చుక్కకీ చుక్కకీ మధ్య 63 దాకా ఓకే, కానీ విండోస్ ఫైల్ షేరింగ్‌లో ఎప్పట్నుంచో ఉన్న నెట్‌బయాస్ పేరుకి 15 అక్షరాలే హద్దు. నిజానికి దానికి 16 బైట్లు ఉంటాయి, చివరి బైటు అది ఏ సర్వీసో చెప్పడానికి పోతుంది, మనకి మిగిలేవి 15. విండోస్ తనంతట తను పెట్టుకునే ఆ పిచ్చి పేరు కూడా లెక్కపెట్టి చూడండి, సరిగ్గా 15 ఉంటుంది.

దీని ఎఫెక్ట్ ఎలా ఉంటుందో చూడండి. తుంగభద్ర అని పేరు పెట్టారనుకోండి, ఇంగ్లిష్‌లో 11 అక్షరాలు. ఒకే సిస్టమ్‌లో విండోస్ 10, విండోస్ 11 రెండూ ఉన్నాయి, కాబట్టి తుంగభద్ర-విండోస్10 అని ఒకటి, తుంగభద్ర-విండోస్11 అని ఒకటి అనుకున్నారు. 11 ప్లస్ హైఫన్ ఒకటి 12, ఇక మిగిలింది 3 అక్షరాలే, కాబట్టి రెండు పేర్లూ తుంగభద్ర-విన్ దగ్గరే తెగిపోతాయి. మీరు వేర్వేరు పేర్లు పెట్టామనుకుంటారు, నెట్‌బయాస్‌కి మాత్రం రెండూ ఒకటే. అందుకే తేడా చూపించే అక్షరాలు 15 లోపే పడాలి. డబ్బా పేరు 8, 9 అక్షరాలు దాటకుండా, వెనక తోక 2, 3 అక్షరాలు దాటకుండా చూస్కోండి, తుంగభద్ర నచ్చితే తుంగ అని పెట్టుకోండి.

తోక విషయంలో ఇంకోటి. లినక్స్‌కి గుర్తుగా చిన్న ఎల్ ఒక్కటే పెట్టకండి, కొన్ని ఫాంట్లలో అది అంకె 1 లాగే ఉంటుంది, అలాగే ఓ అక్షరం, సున్నా పక్కపక్కన రాకుండా చూడండి. డిస్ట్రో (లినక్స్ రకం) మొదటి అక్షరం పెడితే బాగుంటుంది, ఉబుంటూకి యు, మింట్‌కి ఎం, ఫెడోరాకి ఎఫ్. వెర్షన్ నంబర్ మాత్రం వద్దు, 22.04 అని పేర్లో పెట్టాక 24.04కి అప్‌గ్రేడ్ అయితే పేరు అబద్ధం చెప్తూ ఉంటుంది. ఒకే సిస్టమ్‌లో 10, 11 రెండూ ఉన్న కేసులో తప్పదు కాబట్టి అక్కడ డబ్ల్యూ10, డబ్ల్యూ11 అనొచ్చు.

మన నదుల పేర్లు, ఊళ్ల పేర్లు, పువ్వుల పేర్లు పెట్టుకోవడం నాకు చాలా ఇష్టం, కానీ మన పేర్లని ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. మూసీ అంటే ఒకరు ఒక యు పెడతారు, ఇంకొకరు రెండు ఓలు పెడతారు. మంజీరలో ఐ పెట్టాలా, రెండు ఈలు పెట్టాలా? నాగావళికి మొదట్లో ఒక ఏనా, రెండు ఏలా? పేరు టైప్ చేసినప్పుడల్లా ఈ డౌట్ వస్తే సిస్టమ్ దొరకట్లేదని కేబుల్ పీకి చూస్తారు. గోదావరి, పెన్నా లాంటి వాటితో ఈ బాధ తక్కువ, ఇంట్లో అందరూ ఒకేలా రాసే పేరు పెట్టండి.

మీ సొంత పేరో ఇంటిపేరో మాత్రం పెట్టకండి. రెండేళ్లకి ఆ సిస్టమ్ తమ్ముడి చేతికో మరదలి చేతికో వెళ్తుంది, అప్పుడు పేరు పనికిరాదు, అది ఒకటి. రెండోది ముఖ్యం: ఐపీ అడిగేటప్పుడు సిస్టమ్ తన పేరుని కూడా రౌటర్‌కి పంపుతుంది, డీహెచ్‌సీపీలో (రౌటర్ ఐపీలు పంచే పద్ధతి) 12వ ఆప్షన్ అంటే అదే. ల్యాప్‌టాప్ తీసుకుని హోటల్ వైఫైకో రైల్వే స్టేషన్ వైఫైకో కనెక్ట్ అయితే అక్కడా మీ పేరు అలాగే వెళ్తుంది. 1990లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1178 అనే ఇంటర్నెట్ పత్రం అచ్చంగా కంప్యూటర్‌కి పేరు పెట్టడం గురించే రాసింది, అందులో కూడా సొంత పేరు వద్దు, ఆ మెషీన్ చేసే పని పేరు వద్దు అనే ఉంటుంది, ఇన్నేళ్లయినా ఆ సలహాకి వంక పెట్టడానికి లేదు.

విండోస్‌లో పెట్టడం

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్, అక్కడ రీనేమ్ దిస్ పీసీ అని బటన్ ఉంటుంది, పేరు కొట్టి రీస్టార్ట్ చేయండి. అయిపోయింది. దాంతోపాటు నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మీ ఇంటి వైఫై ప్రైవేట్ అని ఉందో పబ్లిక్ అని ఉందో చూడండి, పబ్లిక్ అని ఉంటే పేరు ఎంత చక్కగా పెట్టినా వేరే సిస్టమ్‌లకి కనిపించదు.

లినక్స్‌లో పెట్టడం

ఉబుంటూ, ఫెడోరా లాంటి గ్నోమ్ డెస్క్‌టాప్‌లలో సెట్టింగ్స్‌లో అబౌట్ దగ్గర డివైస్ నేమ్ అని ఉంటుంది, కొత్త వెర్షన్లలో సిస్టమ్ లోపల అబౌట్ ఉంటుంది. టెర్మినల్ అలవాటున్నవాళ్లు సుడో (అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపేది), హోస్ట్‌నేమ్‌సీటీఎల్, సెట్-హోస్ట్‌నేమ్, ఆ పక్కన కొత్త పేరు కొడితే చాలు. ఫెడోరా వేసి పేరు పెట్టకుండా వదిలేస్తే ఫెడోరా అనే ఉండిపోతుంది, ఇంట్లో రెండు సిస్టమ్‌లలో ఫెడోరా ఉంటే రెండూ అదే పేరు చెప్తాయి కాబట్టి వదిలేయకండి.

డెబియన్, ఉబుంటూ, మింట్ వాడేవాళ్లు ఇంకో ఫైల్ కూడా చూడాలి. ఈటీసీ ఫోల్డర్‌లో హోస్ట్స్ అనే ఫైల్‌లో 127.0.1.1 అని ఒక లైన్ ఉంటుంది, దాని పక్కన పాత పేరు ఉంటుంది, దాన్ని కూడా కొత్త పేరుకి మార్చాలి. మార్చకపోతే సుడో కొట్టినప్పుడల్లా అనేబుల్ టు రిజాల్వ్ హోస్ట్ అని కొత్త పేరు చూపించి మరీ అంటుంది. సుడోకి ఏమైందో అని కంగారు పడి గూగుల్ చేసేవాళ్లు చాలామంది, ఆ ఒక్క లైన్ మార్చితే పోతుంది.

క్రోమ్ వాడేవాళ్లు పేరు మార్చేముందు దాన్ని పూర్తిగా క్లోజ్ చేయండి. లినక్స్‌లో క్రోమ్ తన ప్రొఫైల్‌కి వేసుకునే లాక్‌లో హోస్ట్‌నేమ్ రాసుకుంటుంది, అది ఓపెన్‌లో ఉండగా పేరు మారితే తర్వాత తెరిచినప్పుడు ఈ ప్రొఫైల్ ఇంకో కంప్యూటర్‌లో వాడుకలో ఉంది అని మొరాయిస్తుంది. అలా వస్తే హోమ్‌లో కాన్ఫిగ్ అనే హిడెన్ ఫోల్డర్, అందులో గూగుల్-క్రోమ్ ఫోల్డర్, దాంట్లో సింగిల్టన్‌లాక్ అనేదాన్ని డిలీట్ చేయండి, బుక్‌మార్క్‌లకీ పాస్‌వర్డ్‌లకీ ఏం కాదు.

ఐపీ ఒకటే ఉండేలా

రౌటర్ పేజీ తెరవండి. చాలా రౌటర్లకి 192.168.1.1 లేదా 192.168.0.1, జియోఫైబర్ అయితే 192.168.29.1. అందులో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనో అడ్రస్ రిజర్వేషన్ అనో ఉంటుంది, అక్కడ మీ సిస్టమ్ మ్యాక్ అడ్రస్ ఇచ్చి ఒక ఐపీ ఫిక్స్ చేయండి, 192.168.1.20 అనుకుందాం. మ్యాక్ ఒకటే కాబట్టి ఏ ఓఎస్‌లో బూట్ అయినా ఇదే రావాలి. వైఫైకీ కేబుల్‌కీ మ్యాక్‌లు వేరు, మీరు మామూలుగా దేని మీద కనెక్ట్ అవుతారో దానిది ఇవ్వండి. రౌటర్ లిస్టులో పేరు చేత్తో రాసే ఆప్షన్ ఉంటే అక్కడ తోక లేకుండా డబ్బా పేరు రాయండి, లేదంటే చివరగా వచ్చిన ఓఎస్ పేరు చూపిస్తూ ఉంటుంది.

రిజర్వ్ చేసినా లినక్స్‌లో వేరే ఐపీ వస్తోందా? రెండు కారణాలు ఉంటాయి. ఫెడోరా 40 నుంచి వైఫైకి అసలు మ్యాక్ బదులు ఒక్కో వైఫైకి ఒక్కో తయారుచేసిన మ్యాక్ వాడుతుంది, ప్రైవసీ కోసం, బయట మంచిదే, ఇంటి వైఫైకి మాత్రం ఆ కనెక్షన్ సెట్టింగ్స్‌లో క్లోన్డ్ అడ్రస్ దగ్గర పర్మనెంట్ అని పెట్టుకోండి. విండోస్‌లో కూడా ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్ ఆన్ చేసి ఉంటే ఇదే కథ, ఆఫ్ చేయండి. రెండో కారణం, నెట్‌వర్క్‌డీ అనే ప్రోగ్రామ్‌తో నెట్‌వర్క్ నడిపే ఉబుంటూ సర్వర్ లాంటివి రౌటర్‌కి మ్యాక్ కాకుండా ఇంకో పొడుగు ఐడీ పంపుతాయి, కొన్ని రౌటర్లు దాన్నే చూసి వీడెవడో కొత్తవాడని వేరే ఐపీ ఇస్తాయి. ఉబుంటూ నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఉండే నెట్‌ప్లాన్ ఫైల్‌లో డీహెచ్‌సీపీ-ఐడెంటిఫయర్ అని రాసి దాని విలువ మ్యాక్ అని ఇస్తే సరిపోతుంది.

ఇప్పుడు ఆ ఐపీకి తోక లేని పేరు తగిలించాలి. మీ రౌటర్‌లో లోకల్ డీఎన్ఎస్ ఎంట్రీ పెట్టుకునే వీలుంటే, లేదా ఇంట్లో పై-హోల్ (ఇంటికి సొంత డీఎన్ఎస్‌గా పనిచేసే ప్రోగ్రామ్) నడుస్తుంటే, గోదావరి అంటే 192.168.1.20 అని ఒక లైన్ రాయండి. నెట్ కంపెనీ ఇచ్చే రౌటర్లలో చాలావాటికి ఈ ఆప్షన్ ఉండదు, అప్పుడు మిగతా సిస్టమ్‌ల హోస్ట్స్ ఫైల్‌లో రాసుకోవాలి, ముందు ఐపీ, స్పేస్, తర్వాత పేరు. లినక్స్‌లో అది ఇందాక చెప్పిన ఈటీసీలోనే, విండోస్‌లో సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ లోపల ఉంటుంది, నోట్‌ప్యాడ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తేనే సేవ్ అవుతుంది.

ఉత్త పేరు దేనికంటే, ఏ ఓఎస్ అయినా పర్లేదు ఆ డబ్బా దొరికితే చాలు అనుకునే పనులకి. సినిమాలున్న డ్రైవ్‌ని రెండు ఓఎస్‌లలోనూ సినిమాలు అనే ఒకే షేర్ పేరుతో, ఒకే యూజర్ పాస్‌వర్డ్‌తో షేర్ చేసి పెడితే, హాల్లో ల్యాప్‌టాప్ నుంచి గోదావరి పేరుతో వెళ్లేవాళ్లకి వెనక విండోస్ ఉందా మింట్ ఉందా అనే సంగతే అక్కర్లేదు. ఫోన్‌లోనూ టీవీలోనూ హోస్ట్స్ ఫైల్ మార్చలేం కాబట్టి రౌటర్‌లో ఎంట్రీ లేనివాళ్లు వాటిలో ఐపీనే కొట్టండి, అది మారదు కదా. ఒక్కటి గుర్తుంచుకోండి, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉండి షట్‌డౌన్ చేసి వచ్చారంటే లినక్స్ ఆ ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫార్మాట్) డ్రైవ్‌ని రీడ్ ఓన్లీగానే తెరుస్తుంది లేదా తెరవనంటుంది, కాబట్టి అది ఆఫ్ చేసేయండి.

తోక ఉన్న పేర్లకి మీరు ఎక్కడా ఏమీ రాయక్కర్లేదు. పేరు చివర చుక్క పెట్టి లోకల్ అని కొట్టి చూడండి, ఉదాహరణకి గోదావరి-యు డాట్ లోకల్. దీన్ని ఎండీఎన్ఎస్ అంటారు, లినక్స్‌లో అవాహీ, ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లలో బోంజూర్ చూస్కుంటాయి, విండోస్ 10 కొత్త వెర్షన్లకీ 11కీ కూడా వచ్చు. ఏ ఓఎస్ నడుస్తుంటే ఆ పేరే పలుకుతుంది, రెండోది దొరకదు. పేరు చివర తనంతట తనే హైఫన్ 2 వచ్చి చేరిందంటే అదే పేరుతో ఇంకోటి నెట్‌వర్క్‌లో ఉందని అవాహీ పక్కకి జరిగిందన్నమాట, ఆ రెండోది ఎవరో వెతకండి.

ఎస్ఎస్‌హెచ్ గొడవ

వేరే పేర్లు ఎందుకు కావాలో బాగా తెలిసేది ఇక్కడే. ల్యాప్‌టాప్ నుంచి డెస్క్‌టాప్‌కి ఎస్ఎస్‌హెచ్ చేస్తారు, మొదటిసారి ఆ మెషీన్ కీని నోన్ హోస్ట్స్ అనే ఫైల్‌లో పేరుతో సహా రాసుకుంటుంది. రేపు డెస్క్‌టాప్ ఇంకో ఓఎస్‌లో ఉంది, దాని కీ వేరు, పేరు మాత్రం అదే. వెంటనే స్క్రీన్ నిండా పెద్దక్షరాల్లో రిమోట్ హోస్ట్ ఐడెంటిఫికేషన్ హ్యాజ్ ఛేంజ్డ్ అని, మధ్యలో ఎవరో దూరి వింటున్నారేమో అని హెచ్చరిక. ఎవరూ దూరలేదు, ఓఎస్ మారిందంతే. కానీ ప్రతిసారీ పాత కీ తీసేయడం అలవాటైపోతే నిజంగా ఎవరైనా దూరిన రోజు కూడా అలాగే తీసేస్తారు, నాకు భయం అక్కడ. గోదావరి-డబ్ల్యూ, గోదావరి-యు అని విడివిడి పేర్లతో కనెక్ట్ అయితే ఏ పేరుకి ఆ కీ ఉంటుంది, వార్నింగ్ రాదు. ఎస్ఎస్‌హెచ్‌కి ఉత్త పేరు గానీ ఐపీ గానీ వాడకండి.

పేరు వేరే పెట్టినా ఐపీ గురించి వార్నింగ్ వస్తోందంటే మీ ఓపెన్ఎస్ఎస్‌హెచ్ పాతది. 2021లో వచ్చిన 8.5 నుంచి ఐపీని కూడా చెక్ చేయడం డిఫాల్ట్‌గా ఆపేశారు, అంతకుముందువి చేసేవి, ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో చెక్‌హోస్ట్‌ఐపీ నో అని పెట్టుకోండి. ఇప్పటికే కలగాపులగం అయిపోయి ఉంటే ఎస్ఎస్‌హెచ్-కీజెన్, మైనస్ పెద్ద ఆర్, పక్కన ఆ పేరు కొట్టి పాత ఎంట్రీలు ఒకసారికి తీసేసి, రెండు కొత్త పేర్లతోనూ ఒక్కోసారి కనెక్ట్ అవ్వండి.

ఫోన్‌నీ సిస్టమ్‌నీ కలిపే కేడీఈ కనెక్ట్, ఫైళ్లు సింక్ చేసే సింక్‌థింగ్, ఇవి కూడా ఇలాగే, ఒక్కో ఇన్‌స్టలేషన్‌కి ఒక్కో ఐడీ ఉంటుంది, కాబట్టి రెండు ఓఎస్‌లనీ విడివిడిగా పెయిర్ చేయాల్సిందే, పేర్లు ఒకటే అయితే ఫోన్‌లో ఒకే పేరు రెండుసార్లు కనిపించి ఫోటోలు ఏ వైపుకి పంపాలో అర్థం కాదు. యాప్‌లో పేరు తనంతట తను మారకపోతే యాప్ సెట్టింగ్స్‌లో మీరే మార్చండి. సింక్‌థింగ్‌లో రెండు ఓఎస్‌ల నుంచీ డిస్క్ మీద ఉన్న ఒకే ఫోల్డర్‌ని చూపించకండి, ఎవరి లెక్క వాళ్లది ఉంటుంది, ఫైళ్లు తారుమారవుతాయి.

ఇప్పుడు ఏ ఓఎస్ నడుస్తోంది?

పక్కగదిలోంచి లేవకుండా తెలుసుకోవాలంటే టెర్మినల్‌లో ఉత్త పేరుని పింగ్ చేసి జవాబులో టీటీఎల్ అనే అంకె ఎంతో చూడండి. 64 వస్తే లినక్స్, 128 వస్తే విండోస్, ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో మధ్యలో ఇంకో రౌటర్ లేనంతవరకు ఈ లెక్క తప్పదు. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌కి జవాబివ్వకుండా ఆపొచ్చు, అలా ఏమీ రాకపోతే సిస్టమ్ ఆఫ్‌లో ఉందని అనుకోకుండా తోక ఉన్న పేర్లతో షేర్ తెరిచి చూడండి. వేక్ ఆన్ ల్యాన్‌తో దూరం నుంచి ఆన్ చేసేవాళ్లకి ఇది బాగా అవసరం, ఎందుకంటే అది మ్యాక్ మీద పనిచేస్తుంది, పేరుతో సంబంధం లేదు, గ్రబ్‌లో (ఆన్ కాగానే ఏ ఓఎస్ కావాలో అడిగే మెనూ) ఏది డిఫాల్ట్‌గా ఉంటే అదే లేస్తుంది.

ఓఎస్ మార్చిన వెంటనే పేరు పాత చోటికే వెళ్తుంటే మీరు వాడుతున్న సిస్టమ్‌లో క్యాష్ తీసేయండి, విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్, లినక్స్‌లో రిజాల్వ్‌సీటీఎల్ ఫ్లష్-క్యాషెస్. విండోస్ నెట్‌వర్క్ ఫోల్డర్‌లో లినక్స్ డబ్బా బొమ్మ కనిపించట్లేదంటే అది పేరు సమస్య కాదు, 2017లో వచ్చిన విండోస్ 10 1709 నుంచి కొత్తగా వేసిన సిస్టమ్‌లలో పాత ఫైల్ షేరింగ్ పద్ధతి ఎస్ఎంబీ1 ఉండదు, దాంతో పాత పద్ధతిలో వెతకడం పోయింది, లినక్స్ వైపు డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న ప్యాకేజీ వేస్తే కనిపిస్తుంది, అది లేకపోయినా అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి పేరు కొడితే షేర్ తెరుచుకుంటుంది.